కలని వదలకు అంటూ తమ్ముడు పంపిన కవితకు ఏమని జవాబివ్వాలి?

ఒడిశాలోని గుణుపురం నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. ఆమె తమ్ముడికి ఇరవై నాలుగేళ్లు. బరంపురంలో గది అద్దెకు తీసుకుని రైల్వే పరీక్షలకు చదువుతున్నాడు. రెండుసార్లు రాశాడు, రెండుసార్లూ పోయింది. మొన్న రాత్రి పదకొండు దాటాక అక్కకు వాట్సాప్‌లో ఒక కవిత పంపి "ఎలా ఉందక్కా" అని అడిగాడు. ఆమె చప్పట్ల బొమ్మ పెట్టి, "సూపర్ రా, నువ్వు సాధిస్తావ్" అని రాసి పడుకుంది. అతను చూశాడు గాని బదులివ్వలేదు. నాలుగు రోజులైంది. "నాకు కవిత్వం తెలీదు మాస్టారూ. ఇంకేం రాయాలి? అందులో కొన్ని బాగోలేదనిపించింది, చెప్పొచ్చా? లేక ఇంకా పొగడాలా?" అని ఆమె అడుగుతోంది.

కవిత ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంది. తెలుగులోకి రాసుకుంటే ఇలా వచ్చింది:

రెక్కలు విప్పు, ఆకాశం నీదే
గమ్యం దూరమైనా గుండె చెదరనీకు
అడ్డొచ్చిన చీకటిని చీల్చుకుంటూ
వెలుగు వైపు పరుగు తియ్
ఓటమి అంటే గెలుపుకి తొలిమెట్టు
పక్క గదిలో వాడు సర్దుకుని వెళ్లిపోయాడు
గోడ మీద వాడి లెక్కలు అలాగే ఉన్నాయి
కలని వదలకు, కలని వదలకు
వదిలితే నీ చేతిలో ఏముంటుంది

అమ్మా, సూటిగా జవాబు ముందే చెప్పేస్తాను. పొగడొద్దు, దిద్దొద్దు, ధైర్యం చెప్పొద్దు. మీకు గుర్తుండిపోయిన పాదం ఏదో చెప్పి, దాని గురించి ఒక్క ప్రశ్న అడగండి. ఇప్పటికి అంతే. నాలుగు రోజులు ఆలస్యమైందని బెంగపడకండి. కవితకు జవాబు నెల తర్వాత వచ్చినా రాసినవాడికి ఆనందమే.

ఎందుకిలా అంటున్నానో చెబుతాను. నేను పర్లాకిమిడిలో ముప్పై ఒక్క ఏళ్లు తెలుగు మాస్టరుగా పనిచేశాను. రిటైరయ్యాక కూడా నెలకు రెండు ఆదివారాలు మా అరుగు మీద పిల్లలు కూర్చుని రాసినవి చదువుతారు. ఇన్నేళ్లలో నా చేతికి ఎక్కువగా వచ్చిన కవితలు రెండు రకాలు. ఒకటి అమ్మ గురించి, రెండోది కలను వదలొద్దని. మొదటి రకానికి జవాబివ్వడం సులువు. రెండో రకం దగ్గర నేను చాలా తప్పులు చేశాను. వాటిలోంచి నేర్చుకున్నదే మీకు చెబుతున్నాను.

కలను గట్టిగా పట్టుకొమ్మని ఎవరూ ఊరికే రాయరు. చేయి జారుతున్నప్పుడు రాస్తారు. పరీక్ష గెలిచిన కుర్రాడు ఆ రాత్రి కవిత రాయడు, ఫోన్లు చేసుకుంటాడు. "వదలకు" అని రాసినవాడు వదిలేద్దామా అని కనీసం ఒక్క గంటైనా కూర్చుని ఆలోచించి ఉంటాడు. పై పాదాల్లో ఎంత ఉత్సాహం ఉన్నా, దాని కింద ఆ గంట ఉంటుంది. మీరు "సాధిస్తావ్" అన్నప్పుడు మీ జవాబు ఉత్సాహానికి చేరింది, ఆ గంటకు చేరలేదు. అందుకే మాట్లాడటం లేదు. కోపం కాదనుకుంటాను. అక్క కూడా పోస్టరే చదివిందిలే అనుకుని ఉంటాడు.

ఇప్పుడు కవితను కాస్త దగ్గరగా చూద్దాం. కవిత్వం తెలీదన్నారు. తెలియాల్సింది పెద్దగా లేదు, నెమ్మదిగా చదవడం వస్తే చాలు.

మొదటి ఐదు పాదాలు అతనివి కావు. రెక్కలు, ఆకాశం, గమ్యం, చీకటి, వెలుగు, తొలిమెట్టు. ఈ మాటలు కోచింగ్ సెంటర్ గోడల మీద ఉంటాయి, పొద్దున్నే వచ్చే శుభోదయం మెసేజుల్లో ఉంటాయి. మీకు "బాగోలేదు" అనిపించింది వీటి దగ్గరే అయ్యుంటుంది. కానీ వీటిని చూసి చులకన చేయకండి. సొంత ధైర్యం చాలనప్పుడు మనిషి పక్కింటి నుంచి అప్పు తెచ్చుకుంటాడు. ఈ ఐదు పాదాలూ అలా తెచ్చుకున్నవి. వాటిలో కూడా చెవి ఉన్నవాడి గుర్తు ఒకటుంది. "గమ్యం దూరమైనా గుండె చెదరనీకు" అన్నచోట గమ్యం, గుండె అని రెండు గ-లు పాదానికి రెండు వైపులా పడ్డాయి. అచ్చులు కలవలేదు కాబట్టి ఛందస్సు లెక్కన ఇది యతి కాదు, అయినా అక్షరాల పొందిక చెవికి తెలిసింది.

ఆరో పాదం దగ్గర గాలి మారింది. "పక్క గదిలో వాడు సర్దుకుని వెళ్లిపోయాడు." ఇందులో రెక్కల్లేవు, ఆకాశం లేదు. ఒక మనిషి సంచీ సర్దుకుని వెళ్లిపోయాడు. "గోడ మీద వాడి లెక్కలు అలాగే ఉన్నాయి." ఈ పాదం చదివాక నేను కాసేపు ఆగాను. పెన్సిల్‌తో గోడ మీద వేసుకున్న లెక్కలు. తేదీలా, షార్ట్‌కట్ సూత్రాలా, నెల ఖర్చా, మనకు తెలీదు. మీ తమ్ముడు ఖాళీ అయిన ఆ గదిలోకి వెళ్లి చూశాడన్నమాట. ఆ గోడ ముందు ఎంతసేపు నిలబడ్డాడో ఆ పాదమే చెబుతోంది. ఈ కవిత రెండు పాదాల కవిత. మిగతాదంతా ఆ రెండింటిని చెప్పే ధైర్యం కోసం చేసిన నడక.

ఆ తర్వాత "కలని వదలకు" అని రెండుసార్లు అంటాడు. గట్టిగా చదివి చూడండి. మొదటిసారి ఆజ్ఞలా వినిపిస్తుంది, రెండోసారి బతిమాలుకున్నట్టు వినిపిస్తుంది. ఇంకో సంగతి కూడా గమనించండి. ఈ తొమ్మిది పాదాల్లో "నేను" ఎక్కడా లేదు. అంతా "నీ", "నీదే", "విప్పు", "తియ్". ఎవరికి చెబుతున్నాడు? తనకే. మన భాషలో "వదలకు" అన్నదాన్ని "వదలను" చేయడానికి ఒక్క అక్షరం మారిస్తే సరిపోతుంది. ఆ ఒక్క అక్షరం అతను మార్చలేదు. మార్చలేకపోయాడేమో. కవిత ఆఖరి పాదం మీద కూడా ప్రశ్న గుర్తు లేదు. "వదిలితే నీ చేతిలో ఏముంటుంది" అన్నది బెదిరింపా, నిజంగా అడుగుతున్నాడా? నాకు నిజంగా అడుగుతున్నట్టే వినిపించింది.

ఇవన్నీ అతనికి రాయమని కాదు. వదలకు, వదలను సంగతి అసలే ఎత్తకండి. దొరికిపోయానని ముడుచుకుపోతాడు. ఇవి మీకు తెలిస్తే చాలు, మీ జవాబు గొంతు దానంతటదే మారుతుంది.

మీరు పంపాల్సింది ఇంతే ఉండొచ్చు:

"ఒరే, నీ కవిత మళ్లీ చదివాను. ఆ రోజు నిద్రమత్తులో ఏదో పెట్టేశాను, సరిగ్గా చదవలేదు. గోడ మీద లెక్కలు అలాగే ఉన్నాయన్న చోట ఆగిపోయాను రా. ఎవరా అబ్బాయి? ఎప్పుడెళ్లిపోయాడు?"

మీ ఇంట్లో ఎలా మాట్లాడుకుంటారో అలాగే రాయండి. ఉన్నట్టుండి పుస్తకాల తెలుగు రాస్తే కంగారు పడతాడు. ఈ జవాబులో సలహా లేదు, పరీక్ష మాట లేదు, భవిష్యత్తు లేదు. ప్రశ్న కూడా అతని గురించి కాదు, పక్క గది కుర్రాడి గురించి. ఆ కుర్రాడి గురించి చెబుతూ చెబుతూ తన సంగతికి వస్తాడు. రాకపోయినా నష్టం లేదు. "అక్క నా పాదం గుర్తుపెట్టుకుంది" అన్నది చేరిపోయింది.

జవాబు పంపే ముందు ఒక పని చేయండి. ఆ కవితను మీ చేత్తో, తెలుగు అక్షరాల్లో, కాగితం మీద ఎత్తి రాయండి. నాకు ఎవరు కవిత ఇచ్చినా ముందు చేసే పని ఇదే. ఇరవై ఏళ్లుగా రాసుకున్న నోటుబుక్కులు మా అలమరాలో ఒక అర నిండా ఉన్నాయి. కళ్లతో చదివితే జారిపోయే మాట చేత్తో రాస్తే జారదు. ఇంగ్లిష్ అక్షరాల్లో వచ్చిన తెలుగుకైతే ఇది మరీ అవసరం. కే ఏ ఎల్ ఏ అని టైపు చేస్తే అది కలా, కళా? పాటలు పాడే కుర్రాడైతే కళ అయ్యుండొచ్చు, అప్పుడు కవిత మొత్తం మారిపోతుంది. ఎత్తి రాస్తున్నప్పుడు ఇలాంటివి మీరే తేల్చుకోవాలి. తేల్చుకోవాలంటే అతను ఎలా మాట్లాడతాడో గుర్తు తెచ్చుకోవాలి. రాసిన కాగితాన్ని ఫోటో తీసి జవాబుతో పాటు పంపితే ఇంకా మంచిది. తన మాటల్ని అక్క చేతిరాతలో చూసుకోవడం ఎలా ఉంటుందో నేను చెప్పడం కంటే అతనే చెబుతాడు.

ఇప్పుడు నా తప్పుల సంగతి.

మొదటిది ఎర్ర సిరా తప్పు. ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో ఒక అమ్మాయి, ఎనిమిదో తరగతి, నర్సు కావాలన్న తన కల గురించి పన్నెండు పాదాలు రాసి తెచ్చింది. బడిలో చదివేది ఒడియాలో, ఇంట్లో మాట్లాడేది తెలుగు. అక్షరాలు వాళ్ల అమ్మమ్మ దగ్గర నేర్చుకుంది. అందుకే "కొండ"ను "కోండ" అనీ, "ఎగిరి"ని "ఏగిరి" అనీ రాసింది. ఒడియా లిపిలో ఎ, ఏలకు ఒకే అక్షరం, ఒ, ఓలకూ ఒకే అక్షరం. ఆ పిల్ల చేతికి ఆ తేడా ఎలా తెలుస్తుంది? నాకు ఆ రోజు ఇదేమీ తట్టలేదు. పన్నెండు పాదాల్లో పంతొమ్మిది తప్పులు ఎర్ర సిరాతో చుట్టి ఇచ్చాను. మంచి పని చేశాననే అనుకున్నాను. ఆ అమ్మాయి కాగితం మడిచి జామెట్రీ బాక్సులో పెట్టుకుంది. పదో తరగతి దాకా నా క్లాసులోనే ఉంది గాని ఇంకో కవిత తేలేదు. ఆ కవితలో ఏం రాసిందో ఇప్పుడు నాకు ఒక్క పాదం కూడా గుర్తులేదు. పంతొమ్మిది అన్న అంకె మాత్రం గుర్తుంది. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

మన సరిహద్దు జిల్లాల్లో పిల్లలు రాసిన తెలుగును చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. గజపతి, గంజాం, రాయగడ, కోరాపుట్ ఎక్కడైనా సరే, చాలామంది పిల్లలకు తెలుగు బడి భాష కాదు, ఇంటి భాష. తెలుగులో కవిత రాశారంటే అది మార్కుల కోసం కాదు, ఎవరికో చేరాలని. మీ తమ్ముడు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనైనా తెలుగులోనే ఎందుకు రాశాడు? బరంపురంలో తన గది స్నేహితులు ఒడియావాళ్లు అయ్యుంటే ఈ కవిత వాళ్లకు కాదు. మీకే రాశాడు.

రెండో తప్పు పెద్దది. దీని గురించి ఎక్కువే చెబుతాను, మీ విషయానికి ఇదే దగ్గర.

కొన్నేళ్ల కిందట ఉగాది కవి సమ్మేళనంలో మా వీధి కుర్రాడు ఒకడు కవిత చదివాడు. ఎస్సై ఉద్యోగం కోసం అప్పటికి ఐదేళ్లుగా ప్రయత్నిస్తున్నాడు. ఆరిపోని దీపం, వదలని పట్టు, అలాంటి మాటలతో చక్కగా, గొంతెత్తి చదివాడు. సభకు నేను అధ్యక్షుణ్ని. ఉత్సాహం పట్టలేక మైకు తీసుకుని అప్పటికప్పుడు ఒక ఆటవెలది చెప్పాను. ఊపిరున్నంతవరకూ పట్టు సడలనీయకు అన్నది దాని సారం. సభంతా చప్పట్లు. కుర్రాడు వచ్చి కాళ్లకు దండం పెట్టాడు. ఆ రాత్రి నాకు చాలా తృప్తిగా నిద్రపట్టింది.

రెండేళ్ల తర్వాత కూరగాయల బజార్లో వాళ్ల అమ్మ కనిపించింది. "మాస్టారూ, మీరు అందరి ముందూ మానొద్దన్నారని మావోడు కొట్లో కూకోడు. వాళ్ల నాయినకి ఒంట్లో బాగుండట్లేదు. ఏటి చెయ్యమంటారు?" అంది. ఆమె గొంతులో నిందలేదు, నిజంగానే అడుగుతోంది. నా దగ్గర జవాబు లేదు. ఆ వారమే ఆ కుర్రాణ్ని ఇంటికి పిలిచాను. టీ తాగాక చాలాసేపటికి అన్నాడు, "సార్, ఆ కవిత నేను మానేద్దామనుకున్న వారంలో రాశాను. చదివాక ఎవరైనా, పోనీలేరా, చాలు అంటారేమో అనుకున్నాను. మీరు పద్యం చెప్పారు."

ఇది విన్నాక నేను చాలా రోజులు ఎవరి కవితకూ నోరు విప్పలేదు. ఆ కుర్రాడు అడగడానికి వచ్చాడు, నేను ఆజ్ఞ ఇచ్చి పంపాను. అతని కవితలో "వదలను" అని ఉందా, "వదలకు" అని ఉందా అని కూడా చూడలేదు. తర్వాత నోటుబుక్కు తీసి చూస్తే వదలకు అనే ఉంది.

ఇప్పుడతను పర్లాకిమిడిలోనే జెరాక్స్ కొట్టు నడుపుతున్నాడు. పరీక్షలకు ఫారాలు నింపడానికి వచ్చే పిల్లలకు దగ్గరుండి నింపిపెడతాడు. ఇంకా రాస్తాడు, ఆదివారాలు వస్తాడు. ఆ పద్యం మాట మా ఇద్దరి మధ్య మళ్లీ రాలేదు.

అందుకే అంటున్నాను. కల గురించి రాసిన కవితకు కల మీద తీర్పు జవాబు కాదు. వదలకు అనీ అనొద్దు, వదిలెయ్ అనీ అనొద్దు. మూడోసారి పరీక్ష రాయాలా, ఇంటికి వచ్చెయ్యాలా అన్నది ఇంకో మాట. దానికి వేరే రోజు కావాలి. అప్పుడు డబ్బు లెక్క, వయసు లెక్క, నాన్నగారి ఆరోగ్యం అన్నీ ముందు పెట్టుకుని మాట్లాడుకోవాలి. కవిత కిందే ఆ మాట తెస్తే అతను ఇంకెప్పుడూ కవిత పంపడు. మాట కూడా తెగిపోతుంది.

ఇంకో అలవాటు గురించి కూడా హెచ్చరించాలి. మహానుభావుల కథలు పంపకండి. మా ఊళ్లో ఈ అలవాటు మరీ ఎక్కువ, ఎందుకంటే మాకు గిడుగు రామమూర్తిగారు ఉన్నారు. ఆయన ఇక్కడ రాజావారి బడిలో పాఠాలు చెబుతూ సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు. మన్యంలో తిరిగి జ్వరాలు తెచ్చుకున్నారు, వాటికి వాడిన క్వినైన్ వల్ల చెవులు దెబ్బతిన్నాయి. వినికిడి పోయిన మనిషి ఇంకొకరి భాష మీద పని ఆపలేదు. సవర భాష వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో అచ్చయ్యాయి. నిఘంటువు వచ్చేనాటికి ఆయన డెబ్బై దాటారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు, ఇన్నేళ్లు బతికిన ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజును తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకున్నప్పుడల్లా నేను ఈ కథ పిల్లలకు చెబుతాను. గొంతు పట్టుకుపోతుంది కూడా. అయినా, రెండోసారి పరీక్ష పోయిన కుర్రాడికి రాత్రి పదకొండింటికి ఈ కథ పంపకూడదు. "ఆయన నలభై ఏళ్లు పట్టుబట్టారు, నువ్వు రెండుసార్లకే డీలా పడ్డావా" అని వినిపిస్తుంది. మనం అలా అనకపోయినా అలాగే వినిపిస్తుంది.

గిడుగువారి నుంచి మీరు తీసుకోవాల్సింది ఇంకొకటి ఉంది. జనం మాట్లాడే తెలుగే రాతలో ఉండాలని ఆయన జీవితమంతా పోరాడారు. కాబట్టి మీ తమ్ముడు "తియ్" అని రాశాడు, "తీయుము" అని రాయలేదు అని ఎవరైనా వంక పెడితే పట్టించుకోకండి.

ఇక, బాగోని పాదాల సంగతి. చెప్పొచ్చా అని అడిగారు. అతను అడిగితే చెప్పొచ్చు, అడగకపోతే వద్దు. "ఎలా ఉందక్కా" అన్నది తప్పులు చెప్పమని కాదు. మీరు పాదం గురించి అడిగాక, అతను కాస్త తేలికపడ్డాక, "ఇంకా బాగా ఎలా రాయొచ్చు" అని అతనే అంటే అప్పుడు చెప్పండి. అప్పుడైనా "మొదటి ఐదు పాదాలు తీసెయ్" అని కొట్టిపారేయకండి. "పక్క గదిలో వాడు అన్న దగ్గర్నుంచి మొదలుపెట్టి ఒకసారి చదివి చూడరా" అనండి. చదివితే తనకే తెలుస్తుంది.

ఇది నాకు నేర్పింది తిత్లీ తర్వాత వచ్చిన ఒక పిల్లాడు. 2018 అక్టోబర్ 11న ఆ తుఫాను పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానం తోటల్ని నేలకూల్చి, మా గజపతి జిల్లా కొండల మీద పడింది. ఆ పిల్లాడిది కాశీనగర్ వైపు, మేనమామది కవిటి దగ్గర కొబ్బరితోట. కొన్ని నెలల తర్వాత "కలల తోట" అని ఒక కవిత తెచ్చాడు. కూలిన కలలు, ఆశల విత్తనాలు, రేపటి చిగుళ్లు. అన్నీ ఉన్నాయి గాని తోట లేదు. ఇదివరకటి నేనైతే సవరించి ఇచ్చేవాణ్ని. ఈసారి ఒక్కటే అడిగాను, "మీ మావయ్య తోటలో ఇప్పుడేముంది?"

"పడిపోయిన చెట్ల మధ్యలో గుంతలు తవ్వి మొక్కలు పెడతన్నాడు సార్. కాపుకి ఆరేడేళ్లు పడతాదంట."

"నీకిప్పుడెన్నేళ్లు?"

"పదిహేను."

కాసేపు కాగితం కేసి చూసి, అరుగు మీదే కూర్చుని కొట్టేసి, కింద రాశాడు: "ఈ మొక్క కాసేనాటికి నాకు ఇరవై రెండు." అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. కలను పట్టుకుని ఉండటం అంటే ఏమిటో నా అరుగు మీద విన్న పాదాల్లో నాకు బాగా గుర్తుండిపోయింది అదే. అందులో కల అన్న మాటే లేదు.

మీకు కూడా కవితతోనే జవాబివ్వాలనిపిస్తే ఇవ్వండి, సంకోచం వద్దు. మనది సమస్యాపూరణాల భాష. ఒకరి పాదం ఇంకొకరు అందుకోవడం మనకు కొత్త కాదు. గణాలు లెక్కపెట్టనక్కర్లేదు. అతని చివరి పాదాన్ని మీ మొదటి పాదంగా తీసుకుని కింద మూడు నాలుగు పాదాలు రాయండి. ఒక్కటే షరతు, అందులో మీ ఇంటి వస్తువు ఒకటైనా ఉండాలి. చిన్నప్పుడు మీరిద్దరూ వంశధారలో ఈతకు వెళ్లిన రోజో, వాడి సైకిలో, అమ్మ దాచే డబ్బాయో. "వదిలితే నీ చేతిలో ఏముంటుంది" అని అడిగాడు కదా. ఆ చేతిలో ఏమేం ఉన్నాయో అక్కకే తెలుస్తుంది. రాయడం రాకపోతే మానేయండి. ప్రశ్న అడిగితే చాలు.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. ఈ కవిత చదివితే నాకు అలసట కనిపించింది గాని ప్రమాదం కనిపించలేదు. కానీ నేను తొమ్మిది పాదాలే చూశాను, మీకు మనిషి తెలుసు. నిద్ర లేకపోవడం, తిండి మానేయడం, ఫోన్ ఎత్తకపోవడం, తనకిష్టమైన వస్తువులు పంచిపెట్టడం, "నేను లేకపోతే మీకు బాధ తప్పుతుంది" లాంటి మాటలు ఏవైనా ఉంటే కవిత సంగతి పక్కన పెట్టండి. ఆ రోజే బస్సెక్కి వెళ్లండి, లేదా బరంపురంలో ఉన్న బంధువును పంపండి. చనిపోవాలని ఉందా అని సూటిగా అడగడానికి భయపడకండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ లైను టెలి మానస్ ఉంది, 14416. ఏ వేళైనా, డబ్బు కట్టకుండా మాట్లాడొచ్చు. మీరు కూడా ఫోన్ చేసి ఏం చేయాలో అడగొచ్చు, అతనే చేయాలని లేదు.

అలాంటివేవీ లేకపోయినా వీలైతే ఒక ఆదివారం వెళ్లి రండి. ముందే చెప్పి వెళ్లండి, తనిఖీకి వచ్చినట్టు అనిపించకూడదు. తినడానికి ఏదైనా పట్టుకెళ్లండి. కవిత తెచ్చి చదవమనకండి, తనకు చదవాలనిపిస్తే చదువుతాడు. ఆ పక్క గది ఇంకా ఖాళీగా ఉంటే, "ఆ గోడ చూపిస్తావా" అని అడగండి.

ఆ లెక్కలు ఏవో తెలిస్తే నాకూ రాయండమ్మా. నోటుబుక్కులో ఆ కవిత పక్కన కాస్త చోటు వదిలి ఉంచాను.